వడ్డీ వ్యాపారి ఇచ్చిన ఫ్రీజర్ పెట్టె మీద దాత పేరు రాయాలా, వద్దా?

ఊరి తపాలా (ప్రశ్న):

నమస్కారం. మాది పల్నాడులో మిరప, పత్తి పండించే ఊరు. ఇక్కడి బ్రాంచి పోస్టాఫీసు నేనే నడుపుతాను. ఉత్తరాలు తగ్గిపోయాయి గానీ పింఛన్లకు, ఆడపిల్లల సుకన్య ఖాతాలకు, వేలిముద్ర వేసి డబ్బు తీసుకోవడానికి జనం వస్తూనే ఉంటారు. వచ్చినవాళ్లు పని అయ్యాక వెళ్లిపోరు, అరుగు మీద కూర్చుంటారు. ఊళ్లో ఎవరి మీద ఏ తీర్పు వచ్చినా ముందు ఆ అరుగు మీదే వస్తుంది. కిటికీకి ఇవతల కూర్చున్న నాకు వినక తప్పదు.

ఈ మధ్య వచ్చిన తీర్పు ఒకటి నాకు మింగుడు పడడం లేదు.

మా ఊళ్లో ఎరువులు, పురుగుమందుల దుకాణం పెట్టుకుని అప్పులిచ్చే ఒక పెద్దమనిషి ఉన్నాడు. వడ్డీ నెలకు నూటికి మూడు రూపాయలు. మొదటి కొన్ని నెలల వడ్డీ ముందే పట్టుకుని మిగిలింది చేతిలో పెడతాడు, ప్రోనోటు మాత్రం మొత్తానికి రాయించుకుంటాడు. ఆయన దగ్గర బాకీ ఉన్నవాళ్లు మందులు ఆయన కొట్లోనే కొనాలి, పంటను గుంటూరు యార్డులో ఆయన చెప్పిన కమీషన్ దుకాణంలోనే దించాలి. ఇదేమీ రహస్యం కాదు. ఊళ్లో సగం ఇళ్లు ఆయన పద్దు పుస్తకంలో ఉన్నాయి.

ఆయన ఈ ఏడాది ఎండలు ముదరకముందే ఊరికి ఒక ఫ్రీజర్ పెట్టె కొనిచ్చాడు. పట్నాల్లో ఉన్నవాళ్లకు చెప్పాలేమో: ఇంట్లో ఎవరైనా పోతే, హైదరాబాదు నుంచో కువైట్ నుంచో పిల్లలు వచ్చేదాకా శవాన్ని ఉంచడానికి అద్దాల మూత ఉన్న పెట్టె. ఇంతకుముందు నరసరావుపేట నుంచి అద్దెకు తెచ్చుకునేవాళ్లం. మంచి ఎండల్లో అక్కడా ఖాళీ దొరికేది కాదు.

పెట్టె దిగిన రోజే అరుగు మీద మాట పుట్టింది. "బతికున్నన్నాళ్లూ మంట పెట్టాడు, పోయాక చల్లబరుస్తాడట." ఇంకొకరు, "పాపం కడుక్కుంటున్నాడు, గంగకు వెళ్లడం కన్నా ఇది చౌక" అన్నారు. పంచాయతీ ఎన్నికల కోసమన్నారు, కొడుకు పెళ్లి సంబంధాల కోసమన్నారు. పెట్టె మంచిదా కాదా, ఎవరికి పనికొస్తుంది, ఇవి ఎవరి నోటా రాలేదు.

మే నెలలో ఒక ముసలమ్మ పోయింది. ఆమె కొడుకు ఆ వ్యాపారికి బాకీ. కూతురు మస్కట్ నుంచి రావాలి. "ఆ పెట్టెలో మా అమ్మను పడుకోబెట్టను" అని ఆయన భీష్మించుకుని, సత్తెనపల్లి నుంచి ఐసు దిమ్మలు తెప్పించాడు. ఊకలో చుట్టిన దిమ్మలు గోనెసంచులతో సహా మంచం చుట్టూ పేర్చారు. నీళ్లు వాకిట్లోకి, వాకిట్లోంచి బజారులోకి పారుతూనే ఉన్నాయి. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వంతులు వేసుకుని గుడ్డలు పెట్టి ఎత్తిపోశారు. పెట్టె మాత్రం వ్యాపారి గోడౌన్లో ఎరువుల బస్తాల పక్కన ఊరికే ఉంది. పౌరుషం అంటే అదీ అని కొందరు, తల్లి మీద పంతం ఏమిటని కొందరు అన్నారు.

ఇప్పుడు రెండో సంగతి. మా ఊళ్లో సూది మందు వేసే ఆర్‌ఎంపీ డాక్టరు ఒకాయన ఉన్నాడు. అర్ధరాత్రి తలుపు కొట్టినా వస్తాడు, డబ్బు ఇవ్వకపోయినా అడగడు. అందరికీ ఇష్టం, నాకూ ఇష్టమే. ఆయన నిరుడు బస్సు ఆగేచోట రెండు సిమెంటు బల్లలు వేయించాడు. బల్ల వీపు మీద ఎర్ర రంగుతో ఆయన పేరు, క్లినిక్ వేళలు, ఫోను నంబరు. అది బల్లా, బోర్డా? ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. "మారాజు, చేయించాడు" అన్నారు. ఎన్నికలూ గుర్తు రాలేదు, పెళ్లి సంబంధాలూ గుర్తు రాలేదు.

పెట్టె మీద దాత పేరు రాయించాలని సర్పంచి అనుకున్నారు. వార్డు సభ్యుల్లో సగం మంది వద్దంటున్నారు. నా దస్తూరి బాగుంటుందని మాటలు కూర్చి ఇమ్మని నన్నే అడిగారు. అందుకని అడుగుతున్నాను. మనిషిని ముందే తూచేసి, ఆ తూకాన్నే పని మీద కూడా వేస్తున్నామా? అలా వేయడం తప్పేనా? ఇంతకీ పేరు రాయాలా?

మిట్టమధ్యాహ్నం:

ఆవు నలుపైతే పాలు నలుపా? పెట్టె తీసుకోండి. పేరు రాయండి. పని చూసుకోండి.

పాత నల్లబల్ల:

అమ్మా, చాలా మంచి ప్రశ్న. నేను డిగ్రీ కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. ఆ పాఠానికి విద్యార్థులు ఎప్పుడూ తక్కువే కాబట్టి ఇలాంటివి ఆలోచించుకోవడానికి తీరిక బాగా దొరికేది.

మీ అరుగు మీద జరిగింది మీ ఊరికే ప్రత్యేకం కాదు. జాషువా నోబ్ అనే అమెరికా తత్వవేత్త 2003లో ఒక చిన్న పరీక్ష ఫలితాలు ప్రచురించాడు. న్యూయార్కు మన్‌హటన్‌లో ఒక పార్కులో కనిపించిన 78 మందికి ఒక కథ చెప్పి అభిప్రాయం అడిగాడు. ఒక కంపెనీ ఛైర్మన్ దగ్గరికి కింది అధికారి వచ్చి, కొత్త పథకం వల్ల లాభాలు పెరుగుతాయి, పర్యావరణానికి హాని కూడా జరుగుతుంది అంటాడు. పర్యావరణం గొడవ నాకు అక్కర్లేదు, లాభం వస్తే చాలు, మొదలుపెట్టండి అంటాడు ఛైర్మన్. హాని జరుగుతుంది. ఛైర్మన్ ఆ హాని కావాలని చేశాడా? ఈ కథ విన్న సగం మందిలో 82 శాతం అవునన్నారు. మిగతా సగం మందికి అదే కథను ఒక్క మాట మార్చి చెప్పారు: హానికి బదులు మేలు. ఛైర్మన్ జవాబు అదే, పర్యావరణం గొడవ నాకు అక్కర్లేదు అని. ఈసారి మేలు జరుగుతుంది. కావాలని మేలు చేశాడా అంటే అవునన్నవాళ్లు 23 శాతమే.

మనిషి అదే, నిర్లక్ష్యం అదే. చెడు ఫలితాన్ని అతని తలకు చుట్టాం, మంచి ఫలితాన్ని మాత్రం గాలికి పుట్టిందన్నాం. నిందను అప్పు ఇచ్చినంత సులువుగా ఇస్తాం, మెప్పు దగ్గరికి వచ్చేసరికి హామీలు అడుగుతాం.

మీ ఊరికి ఇంకా దగ్గరగా ఉండేది మరొకటి. యేల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ న్యూమన్, డేలియన్ కెయిన్ అనే ఇద్దరు 2014లో చూపించింది. ఒక అబ్బాయి తనకు నచ్చిన అమ్మాయి మెప్పు కోసం ఆమె పనిచేసే చోట ఊరికే పనిచేయడానికి చేరతాడు. ఒక కథలో ఆమె పనిచేసేది ఇల్లులేనివాళ్ల ఆశ్రయంలో, ఇంకో కథలో కాఫీ దుకాణంలో. కాఫీ దుకాణం అబ్బాయిని జనం పెద్దగా తప్పుపట్టలేదు. ఆశ్రయంలో పనిచేసినవాణ్ని మాత్రం అతని కన్నా తక్కువగా చూశారు. సొంత లాభం కలిసిన మంచి, అసలు మంచే లేని స్వార్థం కన్నా కిందికి దిగిపోయింది! అయితే, ఇతను ఇదే పని కాఫీ దుకాణంలో చేసి ఎవరికీ మేలు లేకుండా కూడా పోయి ఉండొచ్చు కదా అని గుర్తు చేస్తే ఆ తేడా పోయింది.

మీ అరుగు మీద ఒకసారి అడిగి చూడండి. ఆ వ్యాపారి అదే డబ్బుతో కొత్త కారు కొనుక్కుని ఉంటే ఎవరైనా ఇంత మాట్లాడేవారా? వడ్డీ డబ్బుతో కారు కొంటే అది సహజం, శవాల పెట్టె కొంటే పాపం కడుక్కోవడం.

"మనసు శుద్ధంగా లేని దానం దానమే కాదు" అనేవాళ్లు జర్మన్ తత్వవేత్త కాంట్‌ను తోడు తెచ్చుకుంటారు. 1785లో ఆయన చెప్పిన దుకాణదారు ఉదాహరణను కొంచెం నిదానంగా చూడాలి. చిన్నపిల్లాడు వచ్చినా ఎక్కువ ధర చెప్పని కొట్టువాడు, పేరు నిలబెట్టుకోవడానికే అలా చేస్తుంటే, అతనికి నైతికమైన ఘనత ఇవ్వనవసరం లేదన్నాడు కాంట్. ధర సరైనది కాదని మాత్రం అనలేదు. పిల్లాడిని ఆ కొట్లో కొనవద్దనీ అనలేదు.

మన మాట మనం చూసుకుందాం. ద్రౌపదిని సభలో నానా మాటలూ అని, వలువలు ఒలవమని దుశ్శాసనుడికి చెప్పినవాడు కర్ణుడు. ఆ కర్ణుణ్నే దానకర్ణుడు అంటాం. ఊళ్లో ఎవరైనా ధారాళంగా ఇస్తే ఆయన పేరే పెట్టి మెచ్చుకుంటాం. కర్ణుడికి రెండు పద్దులు వేరువేరుగా రాయగలిగిన మనకు ఎరువుల వ్యాపారికి రాయడం ఎందుకు చేతకాదు? అందుకని నా సలహా: పేరు రాయండి. వడ్డీ సంగతి ఇంకో కాగితం మీద రాసుకోండి.

ఊరి తపాలా:

మాస్టారూ, కారు ప్రశ్న ఇవాళే అరుగు మీద వేశాను. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక పెద్దాయన అన్నాడు: "కారు కొంటే మమ్మల్ని తన ముందు చేతులు కట్టుకుని నిలబడమని అడగడు కదా, పెట్టె కొంటే దండం పెట్టమంటున్నాడు." దీనికి జవాబు నా దగ్గర లేదు. మీ దగ్గర ఉందా?

కర్ణుడి సంగతి కూడా నాకు పూర్తిగా నప్పలేదు. కర్ణుడు మన ఊళ్లో లేడు, మనకు ప్రోనోటు రాయించుకోలేదు. దూరంగా ఉన్నవాడికి రెండు పద్దులు రాయడం తేలిక.

కాటా పక్కన:

మాస్టారి మీద గౌరవంతోనే చెబుతున్నాను. పార్కులో కూర్చున్న ఆ 78 మందికి ఆ ఛైర్మన్ ఎవరో తెలియదు, కథలో మనిషి. పోస్టాఫీసు అరుగు మీద కూర్చున్నవాళ్లకు ఈ వ్యాపారి ప్రతి పంటకూ తెలిసినవాడు. తెలిసిన మనిషిని తెలిసినట్టు చూడడాన్ని మనసులో వంకర అంటే ఎలా? అప్పు ఇచ్చేముందు ఆయన మన పాత బాకీలు చూడడా? మనం ఆయన పాత పనులు చూస్తే తప్పా?

మాది మిరప రైతు కుటుంబం. నేను అరుగు తీర్పుకు రెండో వైపు చెబుతాను, ఎందుకంటే చెడ్డపేరు కన్నా మంచిపేరు ఎక్కువ మోసం చేస్తుందని నా అనుభవం.

నా చిన్నప్పుడు మా నాన్నతో గుంటూరు యార్డుకు వెళ్లేవాణ్ని. రాత్రంతా టిక్కీల (మిరప బస్తాల) మీద పడుకుని, తెల్లారి బేరం, తర్వాత కాటా. అక్కడ ఒక కమీషన్ దుకాణం ఉండేది. రైతులకు రోజూ మధ్యాహ్నం భోజనం పెట్టేవారు. పప్పు, వంకాయ కూర, గోంగూర పచ్చడి, గట్టి పెరుగు. యజమాని స్వయంగా వచ్చి "ఇంకో ముద్ద వేసుకో అబ్బాయ్" అనేవాడు. మా నాన్న ఆయన్ని ధర్మాత్ముడు అనేవాడు, ఆ మాట మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. మచ్చు కింద కోసిన టిక్కీల్లోంచి కిందపడిన కాయలు తిరిగి మా గోతాల్లోకి రాలేదు. తేమ ఉందని ఒక తరుగు, తాలు ఉందని ఇంకో తరుగు. తక్‌పట్టీ (తూకం, ధర రాసిచ్చే చీటీ) చేతికి వచ్చాక లెక్క చూసుకుంటే మేం ఇంటి దగ్గర తూచిన తూకానికీ దానికీ పొంతన లేదు. నేను చదువుకునే కుర్రాణ్ని కాబట్టి అడిగాను. "అన్నం పెట్టినవాడిని తరుగు అడుగుతావా?" అని నాన్న నన్నే కసిరాడు. పక్క దుకాణంవాడు పిసినారి, మంచినీళ్లు కూడా ఇవ్వడు. అతని కాటా దగ్గర మాత్రం మా నాన్న ముల్లు మీదినుంచి చూపు తిప్పేవాడు కాదు.

అదీ సంగతి. పిసినారి దగ్గర మేం నష్టపోలేదు, ధర్మాత్ముడి దగ్గర పోయాం. మీ డాక్టరుగారి బల్ల మీద ఫోను నంబరు ఎవరికీ కనిపించకపోవడం కూడా ఈ కోవలోదే. ఆయన దొంగ అని నేను అనడం లేదు. చూడాల్సినచోట చూపు పడలేదు, అంతే అంటున్నాను.

కాబట్టి నన్ను అడిగితే ఆ వ్యాపారి మనసులో ఏముందో వదిలేయండి. అది ఆయనకే తెలియకపోవచ్చు. నేను అడిగేది ఒకటే: పెట్టె గోడౌన్లో ఉందన్నారు. తాళం ఎవరి దగ్గర ఉంది? బాకీ ఉన్న ఇంటివాళ్లు వెళ్లి పెట్టె కావాలంటే ఆయన ఏమంటాడు? "ముందు పాత నోటు సంగతి చూద్దాం" అనడా? అనకపోయినా, ఆ గుమ్మం ముందు చావు కబురుతో నిలబడ్డవాడికి ఆ మాట వినపడదా? ఆ ముసలమ్మ కొడుకు ఐసు దిమ్మలు ఎందుకు తెప్పించాడో నాకు అర్థమైంది. అది పౌరుషమూ కాదు, పంతమూ కాదు.

పాత నల్లబల్ల:

తాళం ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మీ నాన్నగారి కథ నేను పాఠం చెప్పే రోజుల్లో తెలిసి ఉంటే క్లాసులో చెప్పేవాణ్ని. అయితే ఒక్క మాట. మీరు "పాత పనులు చూస్తే తప్పా" అన్నారు. తప్పు కాదు. పాత పనులను బట్టి జాగ్రత్త పడడం వేరు, కొత్త పనిని చూడడానికే నిరాకరించడం వేరు. మీరు మొదటిది చేస్తున్నారు, తాళం అడుగుతున్నారు. అరుగు మీదివాళ్లు అడగలేదు. వాళ్లకు తీర్పు ముందే వచ్చేసింది కాబట్టి విచారణ అక్కర్లేకపోయింది.

లంక మట్టి:

మాది కోనసీమ. మా ప్రాంతంలో జరిగినదొకటి ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

1832, 33 నాటి నందన కరువు గురించి మా తాతల తాతలు చెప్పుకునేవాళ్లు. డొక్కల కరువు అని కూడా అంటారు. గోదావరి పక్కనే పారుతున్నా నీళ్లు పొలానికి ఎక్కవు. వస్తే వరద, లేకపోతే ఎండ. ఆర్థర్ కాటన్ అనే కంపెనీ ఇంజనీరు ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాలని 1844, 45లో నివేదికలు రాశాడు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ఇప్పటికీ మా కాలువ గట్ల మీద, ఊరి కూడళ్లలో కాటన్ విగ్రహాలు ఉంటాయి. పుట్టినరోజుకు దండలు వేస్తారు. గోదావరి స్నానం చేసేటప్పుడు సంకల్పంలో ఆయన్ని భగీరథుడని తలుచుకునే శ్లోకం కూడా ఉంది. విదేశీయుడికి, పాలకుల కొలువులో పనిచేసినవాడికి, ఇంత గౌరవం!

ఆ ఆనకట్ట ఎవరి డబ్బుతో కట్టారు? ఈస్టిండియా కంపెనీ డబ్బుతో. కంపెనీ ఎందుకు ఒప్పుకుంది? శిస్తు పెరుగుతుందని. కాటన్ కూడా పైవాళ్లను ఒప్పించడానికి రాబడి లెక్కలే చూపించాడు, చూపించకపోతే పైసా వచ్చేది కాదు. అంటే ఒకే గోడ, ఒకే నీళ్లు. అందులో ఉన్న దయ అంతా కాటన్ పేరున రాశాం, దురాశ అంతా కంపెనీ పేరున రాశాం. నిజంగా రెండూ ఆ గోడలోనే కలిసిపోయి ఉన్నాయి. నేను ఈ విభజనను తప్పనడం లేదు, మా తాతలు మనుషులను చూసే చేశారు. కాటన్ ఎండలో గట్ల వెంట తిరగడం వాళ్లకు కనిపించింది. కంపెనీ కనిపించింది శిస్తు వసూలుకు వచ్చినప్పుడే.

మా వైపే డొక్కా సీతమ్మగారు ఉన్నారు, లంకల గన్నవరంలో. 1841 నుంచి 1909 దాకా జీవించారు, వేళాపాళా లేకుండా ఆకలితో వచ్చినవాళ్లకు వండి పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు పెట్టింది. ఆమె మనసులో ఏముందని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. ఎందుకు అడగలేదంటే వచ్చినవాడిని ఆమె కులం అడగలేదు, ఊరు అడగలేదు, తిరిగి ఏమీ అడగలేదు. పైన తాళం గురించి అడిగిన రైతుబిడ్డ మాట నాకు అందుకే నచ్చింది. ఆ వంటింటికి తాళం లేదు.

వరండా వకీలు:

భావాల గురించి పెద్దలు చెప్పారు. నేను సెక్షన్లు చెబుతాను, విసుగు పడకండి.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 122వ సెక్షన్ దానానికి నిర్వచనం ఇస్తుంది: ఇష్టపూర్వకంగా, ప్రతిఫలం లేకుండా ఇవ్వాలి, పుచ్చుకునేవారు అంగీకరించాలి. ఇచ్చినవాడి మనసు శుద్ధమా కాదా అన్న ప్రశ్న అందులో లేదు. 123వ సెక్షన్ ప్రకారం చరాస్తి అయితే రిజిస్టరు పత్రంతోనైనా ఇవ్వొచ్చు, వస్తువును అప్పగించైనా ఇవ్వొచ్చు. ఇప్పుడు మీ పెట్టె దగ్గరికి రండి. పత్రం రాశారా? మీ మాటల్లో ఎక్కడా లేదు. వస్తువు అప్పగించారా? గోడౌన్లోనే ఉంది, తాళం ఆయనదే అనుకుందాం. అలాగైతే నా దృష్టిలో దానం ఇంకా జరగనే లేదు. మీరంతా జరగని దానం మంచిదా చెడ్డదా అని వాదించుకుంటున్నారు!

ఇంకొకటి. తనకు ఇష్టమైనప్పుడు వెనక్కి తీసుకుంటానని షరతు పెట్టుకుని ఇస్తే, 126వ సెక్షన్ ప్రకారం ఆ షరతు ఉన్న మేరకు దానం చెల్లదు. కాబట్టి పంచాయతీ ఒక తీర్మానం చేసి, పెట్టెను స్వాధీనం చేసుకుని, ఇద్దరు సాక్షులతో ఒక కాగితం రాయించుకుంటే మంచిది. పేరు రాయడం ఆ తర్వాతి మాట.

మంచి చేసినవాణ్ని అనుమానించడం గురించి కూడా ఒక ముక్క చెప్పనివ్వండి, అది నా రోజువారీ పని కాబట్టి. రోడ్డు ప్రమాదంలో పడ్డవాణ్ని ఆసుపత్రికి తెస్తే, "నువ్వే గుద్దావా?" అన్నది చాలాకాలం మొదటి ప్రశ్నగా ఉండేది. గుద్దనివాడు ఎందుకు తెస్తాడు అన్నది దాని వెనక తర్కం. చైనాలోని నాన్‌జింగ్‌లో 2006లో బస్సు దగ్గర పడిపోయిన ఒక వృద్ధురాలిని ఒక యువకుడు లేపి ఆసుపత్రికి చేర్చాడు. అతనే తోసేశాడని ఆమె కేసు వేసింది. 2007లో కింది కోర్టు అతన్ని నష్టపరిహారం కట్టమంది. తప్పు లేనివాడైతే అంత సాయం చేసి ఉండేవాడు కాదని, అది లోకసహజం కాదని తీర్పులో రాశారు. దేశమంతా గగ్గోలు పుట్టింది. పడ్డవాళ్లను లేపడానికి జనం భయపడే స్థితి వచ్చిందని అక్కడి పత్రికలు ఏళ్ల తరబడి రాశాయి. విచిత్రం ఏమిటంటే, ఆ యువకుడు తన వల్లే ఆమె పడిందని తర్వాత ఒప్పుకున్నట్టు 2012లో అక్కడి అధికారులు వెల్లడించారు. తీర్పు సరైనదే కావొచ్చు, తీర్పుకు చెప్పిన కారణం మాత్రం సర్వనాశనం చేసింది.

మన దగ్గర, ప్రమాదంలో సాయం చేసినవాళ్లను వేధించకుండా కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలకు అందరూ కట్టుబడాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోకి అలాంటివాళ్ల రక్షణ కోసమే 134ఎ సెక్షన్ వచ్చింది. సాయం చేసినవాడి పేరు, చిరునామా బలవంతంగా అడగడానికి వీల్లేదు. మంచి చేసేవాణ్ని మన అనుమానం నుంచి కాపాడడానికి ఒక చట్టం కావాల్సి వచ్చింది చూడండి.

కాటా పక్కన:

వకీలుగారూ, ఫీజు లేకుండా ఇంత చెప్పారు. మీ మనసులో ఏముందో అని నాకు అనుమానం వస్తోంది.

వరండా వకీలు:

అనుమానించండి, కాగితం మాత్రం రాయించండి.

ఊరి తపాలా:

అందరికీ ధన్యవాదాలు. పెద్దాయన దండం మాటకు మాత్రం మాస్టారు జవాబు ఇవ్వకుండా దాటేశారు, గమనించాను.

జరిగింది చెబుతాను. తాళం గురించి సర్పంచిగారిని అడిగాను. ఆయన తల గోక్కున్నారు. తాళం వ్యాపారి కొట్టు గల్లాపెట్టెలో ఉందట, ప్రోనోట్లు ఉండేచోటే. ఈ మాట అరుగు మీద చెబితే "చెప్పలేదా!" అన్నారందరూ. చెప్పలేదు. ఎన్నికలు, పెళ్లి సంబంధాలు, గంగాస్నానం అన్నీ చెప్పారు, తాళం సంగతి ఒక్కరూ చెప్పలేదు.

పంచాయతీలో తీర్మానం చేశారు. సర్పంచి, కార్యదర్శి వెళ్లి పెట్టె, తాళం అప్పగించమని అడిగితే ఆయన ముఖం మాడ్చుకున్నాడు. "నేను కొన్న పెట్టెకు నాకే తాళం లేదా? ఎవరైనా విరగ్గొడితే ఎవరు బాగు చేయిస్తారు?" అన్నాడు. రెండో ప్రశ్న సబబైనదే, దానికి పంచాయతీ దగ్గర డబ్బు లేదు. చివరికి కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చేశాడు. ఏడాది పాటు మరమ్మతు ఖర్చు తనదేనని తానే రాశాడు, ఎవరూ అడగలేదు. ఇందులో ఏది ఆయన అసలు రంగు అని నన్ను అడగకండి. ముఖం మాడ్చుకోవడమూ చూశాను, ఆ వాక్యం రాయడమూ చూశాను. రెండూ అదే కుర్చీలో కూర్చునే చేశాడు.

పేరు రాశాం. మూత మీద కాదు, పక్కన, కింద అంచుకు. పైన గ్రామ పంచాయతీ పేరు పెద్దగా, కింద "సమర్పణ" అని ఆయన పేరు, తేదీ. కీర్తి విశేషణాలు రాయలేదు. "దానశీలి" అని చేర్చమని ఒక వార్డు సభ్యుడు అన్నారు గానీ రంగు డబ్బా అయిపోయిందని చెప్పాను. పెట్టె ఇప్పుడు పంచాయతీ కార్యాలయం వరండాలో ఉంది, తాళం కార్యదర్శి దగ్గర, ఇంకో తాళం చెవి నా పోస్టాఫీసు సొరుగులో.

అక్కడితో ఊరుకోక, న్యాయంగా ఉంటుందని డాక్టరుగారి బల్లల మీద ఫోను నంబరు కూడా చెరిపేద్దామన్నాను. అంతే. "ఆ మారాజునా నువ్వనేది?" అని ఒకరు, "నీకు జ్వరం వచ్చినప్పుడు ఎవరు వచ్చారు?" అని ఇంకొకరు. డాక్టరుగారే మర్నాడు వచ్చి, "నంబరు ఉంటే అర్ధరాత్రి పిలవడానికి పనికొస్తుందనుకున్నానమ్మా" అన్నారు. అదీ నిజమే కావొచ్చు. బల్లలు అలాగే ఉన్నాయి. కాటా పక్కన కూర్చున్న తమ్ముడు చెప్పినట్టు, మేం చూపు పెట్టే ముల్లు ఎప్పుడూ ఒకటే.

ఇక ఒక పని మిగిలింది. మా ఊళ్లో మే నెలలో కరెంటు గంటల తరబడి పోతుంది. పెట్టె ఇన్వర్టరు మీద ఎంతసేపు నడుస్తుందో, జనరేటరు అద్దెకు తెస్తే ఖర్చు ఆ ఇంటివాళ్ల మీద వేయాలో పంచాయతీ పెట్టుకోవాలో తేలలేదు. మీ ఊళ్లలో ఇలాంటి పెట్టె నడుపుతున్నవాళ్లు ఉంటే ఎలా చేస్తున్నారో రాయండి.